పసుపు కాగితం మీద మా ఆయన పేరు

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. దేవుడి మీద కూడా అంతంత మాత్రమే. మేముండే ఈ మంచుదేశపు కేంబ్రిడ్జ్‌లో (యూనివర్సిటీ ఉన్న ఆ ఊరు కాదు) కార్ల పార్టులు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. కొలిచి చూసిందే రాయడం, అనుమానం వస్తే పక్కన పెట్టేయడం నా ఉద్యోగం. మా తెలుగువాళ్ళ గెట్‌టుగెదర్లలో ఎవరైనా దెయ్యం కథ మొదలెడితే నేను ప్లేటు తీసుకుని పెరుగన్నం వైపు జరుక్కునేదాన్ని. ఇది చదువుతూ మీరూ అలా జరుక్కుంటే ఏమీ అనుకోను.

మా ఆయన సూర్యనారాయణ గారికి కిడ్నీలు పాడయ్యాయి. ఏళ్ళ తరబడి రోజు విడిచి రోజు డయాలసిస్. చలికాలంలో తెల్లారకముందే కారు మీద మంచు గీకడం, ఆయన్ని ఎక్కించడం, దింపడం, ఆ కుర్చీ పక్కన కూర్చోవడం. ఇంటికొచ్చి ఉప్పు లేని కూర వండితే, అది ఆయన పక్కకి నెట్టేయడం. అలసట అంటే పడుకుంటే తీరేదని ఒకప్పుడు అనుకునేదాన్ని. ఇది పడుకుని లేచినా అలాగే ఉండేది.

పోయిన చలికాలంలో ఒకరోజు అన్నం ముందు కూర్చుని ఆయన నెమ్మదిగా అన్నారు. "ఇంక చాలు విజయా. ఈ డయాలసిస్ మానేస్తాను."

ఇక్కడ పేషెంటు వద్దనుకుంటే ఆపేస్తారు. ఎవరూ కేకలెయ్యరు. డాక్టరు గారు మమ్మల్ని కూర్చోబెట్టి, ఆపితే ఎక్కువ రోజులు ఉండరని మెల్లగా చెప్పారు. వేరే ఊళ్ళో, ఒషావాలో ఉద్యోగం చేసే మా అమ్మాయి కీర్తన ఫోన్లోనే ఏడ్చేసింది. నాకు ఏడవడానికి కూడా ఓపిక లేదు. ఎండాకాలం వచ్చేదాకా ఆగండి, అప్పుడు మీ ఇష్టం అన్నాను. సరే అన్నారు.

ఈ కథలోకి లిన్ వచ్చేది ఇక్కడే. వాళ్ళాయనకి మా ఆయన పక్క కుర్చీలోనే డయాలసిస్ జరిగేది. మేమిద్దరం వెయిటింగ్ రూమ్‌లో కూర్చుని, ఆవిడ వేరుశెనక్కాయలు, నేను మరమరాలు పంచుకునేవాళ్ళం. కిందటేడు వాళ్ళాయన పోయారు. ఏడాది తిరిగేసరికి చైనాలో వాళ్ళ ఊరి దగ్గరున్న తావో మతం వాళ్ళ పవిత్రమైన కొండ మీద ఆయన పేరున పూజ చేయించాలని బయల్దేరుతూ, నన్నూ రమ్మంది. నేను నవ్వి ఊరుకున్నాను. కీర్తన ఊరుకోలేదు. "అమ్మా, యూ నీడ్ దిస్. డాడీని నేను చూసుకుంటా," అని సెలవు పెట్టుకుని వచ్చేసింది. మా ఆయన కూడా, "వెళ్ళిరా. వచ్చాక నా సంగతి మాట్లాడుకుందాం," అన్నారు. ఆ సంగతేమిటో మా ఇద్దరికీ తెలుసు.

భక్తితో వెళ్ళానని చెప్పను. కొన్నాళ్ళు ఎవరినీ లేపకుండా, ఎవరికీ మందులివ్వకుండా పడుకోవచ్చని వెళ్ళాను.

ఆ కొండ పేరు పలకడం నాకు ఇప్పటికీ చేతకాదు. సగం దాకా కేబుల్ కారు, అక్కడినుంచి రాతి మెట్లు. మెట్లు మధ్యలో అరిగి గుంటలు పడ్డాయి. ఎన్ని వందల ఏళ్ళ నుంచి ఎంతమంది ఎక్కారో. ఎర్ర గోడలు, ఆకుపచ్చ పెంకుల గుళ్ళు ఒకదాని పైన ఒకటి కొండని పట్టుకుని ఉన్నాయి. పూజారులు జుట్టు నడినెత్తిన కొప్పు కట్టి అందులో పుల్ల గుచ్చుకున్నారు. అగరొత్తుల పొగ కళ్ళు మండిస్తోంది. నాకు మోకాళ్ళ నొప్పి తప్ప ఏ అనుభూతీ కలగలేదు.

పై గుడికి చేరేసరికి సాయంత్రమైంది. లిన్ పూజారితో మాట్లాడడానికి లోపలికి వెళ్ళింది. బయట వరండాలో బల్ల మీద రెండు దొంతరలుగా కాగితాలున్నాయి, ఎర్రవి, పసుపువి. జనం వాటి మీద పేర్లు రాసి పళ్ళెంలో పెడుతున్నారు. మన గుళ్ళో గోత్రనామాలు చెప్పి అర్చన చేయించినట్టే అనుకున్నాను. వచ్చినదాన్ని ఎలాగూ వచ్చాను, ఆయన పేరున ఒకటి పెడదామనిపించింది.

మనకి పసుపు కంటే శుభం ఏముంది? పెళ్ళి శుభలేఖకి నాలుగు మూలలా పసుపే, గడపకి పసుపే. రెండో ఆలోచన లేకుండా పసుపు కాగితం తీశాను. భారద్వాజ గోత్రం, సూర్యనారాయణ అని తెలుగులో రాశాను. పెన్ను సరిగ్గా రాయక చివరి అక్షరం మళ్ళీ దిద్దాను. పళ్ళెంలో పెట్టి దండం పెట్టుకున్నాను. ఆయనకి ఈ బాధ తప్పించు తండ్రీ అన్నాను. ఏ తండ్రికి చెబుతున్నానో నాకే తెలియదు.

కాసేపటికి ఓ పూజారి గంట కొట్టి, పళ్ళేలు తీసుకెళ్ళి, ఆవరణలో ఉన్న ఇనుప కొలిమిలో కాగితాలన్నీ వేసేశాడు. నా కాగితం పైనే ఉంది. దాని అంచు ముడుచుకుని, నల్లబడి, నా రాత మీదికి మంట పాకడం నా కళ్ళతో చూశాను. ఇది మాత్రం బాగా గుర్తుంచుకోండి.

లిన్ బయటికొచ్చి, నువ్వు కూడా రాశావా, మంచి పని చేశావు, ఎర్రదేగా అంది. కాదు, పసుపుది అన్నాను. ఆవిడ మొహం పాలిపోయింది. ఎర్రవి బతికున్నవాళ్ళకి, ఆయుష్షు కోసం. పసుపువి పోయినవాళ్ళకి అంది.

లిన్ పరుగున లోపలికి వెళ్ళి పూజారిని బతిమాలింది. అప్పటికే తలుపులు మూస్తున్నారు. రేపు పొద్దున ఎర్ర కాగితం మీద రాయించండి, ఇవాళ్టికి అయిపోయింది అన్నాడట. ఇలాంటివి నమ్మనని లిన్‌కి ధైర్యం చెప్పాను. చెబుతూనే ఆ కొలిమి వైపు రెండుసార్లు తిరిగి చూశాను.

ఇంకా వెలుతురు ఉండగానే కిందికి దిగడం మొదలుపెట్టాం. లిన్ ముందు, నేను కాస్త వెనక. మెట్ల పక్కన ఓ చిన్న గుడి ఉంది, తలుపుకి తాళం. దాని అరుగు మీంచి ఓ ముసలావిడ లేచి వచ్చింది. బూడిదరంగు బట్టలు, నడినెత్తిన కొప్పు. సూటిగా నా దగ్గరికొచ్చి మణికట్టు పట్టుకుంది. చెయ్యి చల్లగా, గరుకుగా ఉంది. నా అరచేతిలో ఏదో పెట్టి వేళ్ళు మూసేసింది. గట్టిగా ఏదో అంది. పిల్లలు తప్పు చేస్తే కసిరినట్టుంది. తర్వాత భుజం మీద చెయ్యేసి కిందికి తోసింది. పడబోయి రెయిలింగ్ పట్టుకున్నాను.

ఎవరితో మాట్లాడుతున్నావు అని లిన్ కింది నుంచి అడిగింది. తిరిగి చూస్తే అరుగు మీద ఎవరూ లేరు. మెట్ల మీదా లేరు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, వెళ్ళడానికి వేరే దారి లేదు.

చేతిలో మడిచిన పసుపు కాగితం ఉంది. విప్పాను. భారద్వాజ గోత్రం, సూర్యనారాయణ. మళ్ళీ దిద్దిన ఆ చివరి అక్షరంతో సహా నా రాతే. ఎక్కడా మసి లేదు.

లిన్ కూడా చూసింది. తెలుగు రాకపోయినా, ఆ ఊళ్ళో ఆ లిపి రాసేవాళ్ళు ఇంకెవరున్నారు? ఆ గుళ్ళో ఆడ పూజారులు లేరని కూడా ఆవిడే చెప్పింది.

కింద మా బసకి చేరాక ఫోన్‌కి సిగ్నల్ వచ్చింది. కీర్తన మిస్డ్ కాల్సే అన్నీ. అక్కడ పొద్దు వాలితే, భూమికి ఈ వైపున మా ఇంట్లో తెల్లారుతుంది. ఆ పొద్దున డయాలసిస్ కుర్చీలో మా ఆయనకి ఉన్నట్టుండి బీపీ పడిపోయి గుండె ఆగింది. నర్సులు గుండె మీద నొక్కి, షాకిచ్చి వెనక్కి తెచ్చారు. "అమ్మా, హీ ఈజ్ ఓకే. నౌ హీ ఈజ్ ఓకే," అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంటోంది పిల్ల. నేను ఆ నేల మీదే కూలబడి, ఎన్నో ఏళ్ళ తర్వాత గట్టిగా ఏడ్చాను.

దొరికిన ఫ్లైట్‌కి వచ్చేశాను. లిన్ ఉండిపోయి మర్నాడు మా ఆయన పేరున ఎర్ర కాగితం రాయించింది.

కాగితం సంగతి ఆయనకి నేను చెప్పలేదు. కీర్తనకీ చెప్పలేదు. హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చాక టీ తాగుతూ ఆయనే అన్నారు.

"ఆ పొద్దున కుర్చీలో కల లాంటిదొకటి వచ్చిందోయ్. మెట్లెక్కుతున్నాను. కాళ్ళకి చెప్పుల్లేవు, రాళ్ళు చల్లగా ఉన్నాయి. హాయిగానే ఉంది. ఎవరో ముసలిది అడ్డమొచ్చి, అర్థంకాని భాషలో తిట్టి, భుజం పట్టుకుని కిందికి తోసేసింది."

మెట్ల ఫోటోలు నేను ఎక్కేటప్పుడే, సిగ్నల్ పోకముందే పంపాను. అవి చూసి కల కన్నారని మీరనొచ్చు. నేనూ అదే అనుకోవాలని చూశాను. ముసలావిడ ఫోటో మాత్రం నేను తీయలేదు. కాగితం నా పాస్‌పోర్టులో ఉంది. చాలాసార్లు బయటికి తీసి వెలుతురులో పెట్టి చూశాను. నా ఉద్యోగంలో అయితే దాన్ని పక్కన పెట్టేయాలి. కాల్చడానికి ధైర్యం చాలదు, చింపడానికి చెయ్యి రాదు.

ఎండాకాలం వచ్చింది. మాట ప్రకారం ఆయన్ని అడిగాను, ఏం చేద్దామని.

"మానను," అన్నారు. "తోసేసిందిగా. ఉంటాను."

సంతోషించాను. నిజంగానే, ఒళ్ళంతా తేలికైనంత సంతోషం. మర్నాడు ఆయన్ని డయాలసిస్‌కి దింపి, పార్కింగ్ లాట్‌లో కారాపి కూర్చున్నాను. రేపటికి మళ్ళీ ఉప్పు లేని కూర ఏం వండాలా అని ఆలోచన మొదలైంది. ఆయన్ని వెనక్కి పంపిందెవరో నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదేమో. ఎవరైనా గానీ, ఆవిడకి దండం పెట్టాను. పెట్టి, నన్ను కూడా కాసేపు ఆ అరుగు మీద కూర్చోనిస్తే బాగుండేదమ్మా అన్నాను.