పెట్టెల బాబాయి పెట్టే పేచీలు

పెట్టెల బాబాయికి మతి చలించిందని వీధి వీధంతా చెప్పుకుంటోంది. శుద్ధ అబద్ధం. ఆయన మతి నిక్షేపంలా ఉంది. ఉన్న జబ్బల్లా ఒక్కటే. తాను ఏ కొత్త కొట్టుకు పెట్టుబడి పెడితే ఆ కొట్టుకే వెళ్ళి పేచీ పెట్టుకుంటాడు. అదీ మారువేషంలో!

ఎన్నో ఏళ్ళు సూట్‌కేసులు అమ్మి విశ్రాంతి తీసుకుంటున్న ఆ పెద్దమనిషి, ఈమధ్య జిప్పులమ్మాయి చేత రిపేరు కొట్టు పెట్టించాడు. తెగిన జిప్పులు, ఊడిన చక్రాలు బాగుచేయడంలో ఆ పిల్ల చెయ్యి బంగారం. నోరు మాత్రం మైనం. ఇంటి వరండాలో పనిచేసే రోజుల్లో ఎవరు గొంతు పెంచినా, "పోన్లెండి, డబ్బులివ్వకండి" అనేసేది. ఇక్కడా అదే తంతు అయితే కొట్టు మూసి, బ్యాగుల ఫ్యాక్టరీలో కూలికి పోవాల్సిందే. ఆ బెంగతో ఆమెకు అన్నం సయించడం లేదు.

కొట్టు తెరిచిందో లేదో, నల్లకళ్ళద్దాలూ దట్టమైన మీసమూ పెట్టుకుని ఒకాయన ఊడిపడ్డాడు.

"ఈ పెట్టె గంటలో కావాలి. ఊరికే చేసిపెట్టాలి!"

"బాబాయ్, మీసం జారుతోంది."

"ఎవరికి బాబాయి? నేను కొత్త కస్టమర్ని!" మీసం నొక్కి పెట్టుకుని బల్ల గుద్దాడు.

"అయ్యో, సరే లెండి..."

"సరే అంటావేం? కుదరదు అను!" అని అరిచి, నాలిక కరుచుకున్నాడు.

మర్నాడు చేతికి కట్టు కట్టుకుని, కుంటుకుంటూ వచ్చాడు.

"దెబ్బ చేతికైతే కుంటడమెందుకు బాబాయ్?"

"కస్టమరు ఎలాగైనా నడుస్తాడు, నీకెందుకు? పెట్టె ఊరికే చేస్తావా, చెయ్యవా?"

నవ్వాపుకోలేక, ఆ ఊపులో అనేసింది. "కుదరదండీ. వారం పడుతుంది. అడ్వాన్సు ఇవ్వండి."

బాబాయి మొహం చాటంత అయింది. అంతలో తన వేషం గుర్తొచ్చి, చిటపటలాడుతూ వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు భారీ మనిషొకడు, యాత్రల కంపెనీ మేనేజరట, బండెడు పెట్టెలు దింపించాడు. "సాయంత్రానికి కావాలి, సగం రేటుకి! లేదంటే నీ కొట్టు మూయిస్తా!"

బాబాయి ఈసారి కొత్త మనిషిని పంపాడనుకుంది అమ్మాయి. "అరుపు బాగుందండీ! ఆయనకన్నా మీరే నయం. కానీ కుదరదు. వారం పడుతుంది, రేటు ఇదే. అడ్వాన్సు అక్కడ పెట్టండి."

మేనేజరు ఆమెను ఎగాదిగా చూసి, అడ్వాన్సు పెట్టాడు. "చెప్పిన రోజుకి ఇస్తే ఇకమీదట మా పెట్టెలన్నీ నీకే" అని వెళ్ళిపోయాడు.

అమ్మాయి బాబాయి ఇంటికి పరుగెత్తింది. "మీరు పంపినాయన ఎంత బాగా నటించాడు బాబాయ్!"

"నేనెవర్నీ పంపలేదే!"

భయం అప్పుడొచ్చింది ఆమెకు. గుమ్మంలోనే కూలబడింది. బాబాయి ఇచ్చిన మంచినీళ్ళు గటగటా తాగి, అడగనే అడిగింది. "పక్కన కూర్చోబెట్టుకుని ఓ మాట చెబితే పోయేదిగా, ఈ వేషాలన్నీ ఎందుకు?"

"చెబితే వస్తుందా? నా మొదటి కొట్టులో ఒకడు అరిస్తే, తాళం వేసి ఇంటికెళ్ళి దుప్పటి ముసుగేసుకున్నానమ్మా. నీ మీద మొదట అరిచేవాడు మనవాడైతే బాగుంటుందనిపించింది."