అమ్మ కందులు, నా తూకం

తాండూరు బయట కందుల మీద పరీక్షలు చేసే సర్కారు ఫారంలో ఉద్యోగం దొరికేసరికి నాకు ఇరవై రెండేళ్లు. రకరకాల కందులు పక్కపక్క ప్లాట్లలో వేసి, కోసి, తూచి, ఏది ఎక్కువ కాసిందో పుస్తకంలో రాయడం పని. యాలాలలో రైతు ఇంట పుట్టినవాణ్ణి, కందిచేను గురించి నాకు ఇంకొకరు నేర్పేదేమిటని మిడిసిపడ్డాను. ఆ మిడిసిపాటు మొదటి ఏడే దిగింది.

దించింది అప్పటి మా ఆఫీసరు. నిమ్మళంగా మాట్లాడే మనిషి. తూకం రోజు, కాంటా కట్టకముందే మాకు తలా ఒక చీటీ ఇచ్చేవాడు. ఏ ప్లాటు గెలవాలని మనసులో ఉందో రాసివ్వాలి. రాయడం రాని ఆడకూలీలు చెబితే తనే రాసేవాడు. నాకు నవ్వాగలేదు.

"గిదేంది సార్, జాతరల లాటరీ లెక్క?" అన్నాను.

"మనసు ఎటు గుంజుతున్నదో ముందుగాల తెల్సుకోవాలె. లేకుంటే కాంటా గూడ గటే వంగుతది" అన్నాడు.

ఎవరు కోరుకున్న ప్లాటును వాళ్ల చేత తూయించేవాడు కాదు. అందరికంటే ముందు తన చీటీనే పైకి చదివేవాడు. అటువంటి మనిషి దగ్గర మళ్లీ పని చేయాలని ఈ వయసులోనూ ప్రాణం కొట్టుకుంటుంది.

మూడో ఏడు, మా ఇంటి పాత రకాన్ని కూడా పరీక్షలో పెడదామని ఆయనే అన్నాడు. ఊళ్లో అందరూ మానేసిన రకం అది. బూడిద కలిపి కుండలో దాచిన విత్తనంలో సగం తీసి ఇచ్చింది అమ్మ.

"మంచిగ చూస్కో కొడకా, ఇంకేడ దొరకయ్" అంది.

మొలకలు వచ్చాయో లేదో, ఆయనకు వికారాబాద్ బదిలీ అయింది. కొత్తాయన చెడ్డవాడు కాదు. కానీ పైనుంచి వచ్చిన కొత్త రకమే గెలవాలని ఆయనకు ఒకటే ఆరాటం. చీటీల ఊసెత్తితే, "సైన్సు చేసేవాళ్లకు ఇష్టాలేమిటయ్యా" అన్నాడు.

మా దిక్కు కూలికి వచ్చినవాళ్లు చేలో పచ్చికాయ తెంపి, ఉప్పేసి ఉడకబెట్టుకుంటే ఎవరూ దొంగతనం అనరు. పాతాయన ఉండగా ఏ ప్లాటులో ఎంత తెంపారో కూడా పుస్తకానికి ఎక్కేది. "కడుపులకు పోయింది గూడ పంటే, రాయి" అనేవాడు. ఈసారి ఆడవాళ్లంతా అమ్మ కందుల మీదే పడ్డారు.

"గీ కాయ మస్తు తియ్యగున్నది సారూ" అన్నారు.

పొంగిపోయాను. ఇంకా తెంపుకోమన్నది నేనే. ఎంత తెంపారో మాత్రం ఈసారి పుస్తకానికి ఎక్కలేదు.

తూకంలో అమ్మ కందులు అన్నిటికంటే అడుగున నిలిచాయి. ఇంకేమైనా రాసేది ఉందా అని కొత్తాయన అడిగాడు. పాపం, అడిగాడు. తెంపిన కాయల సంగతి చెబుదామనుకున్నాను. అవి మా ఇంటి గింజలని ఆయనకు తెలుసు. సొంతవాటిని వెనకేసుకొస్తున్నాననుకుంటాడని భయపడి, "ఏం లేదు సార్" అన్నాను. న్యాయంగా కనబడాలన్న తాపత్రయంతో అన్యాయం చేశాను. అమ్మ కందులు గెలవాలన్నదే నా కోరిక. దాన్ని ఒప్పుకునే చీటీ లేకపోయేసరికి, దాచడానికే నా బుద్ధంతా ఖర్చయింది.

పుస్తకంలో ఆ రకం మీద ఎర్ర గీత పడింది. పండిన గింజలు మిగతావాటిలో కలిసి బజారుకు పోయాయి. పిడికెడు తీసి పెట్టుకోవాలని కూడా తోచలేదు. అమ్మ దగ్గర ఉన్నాయి కదా అనుకున్నాను.

పాతాయనకు చెప్పుకుందామని ఎన్ని ఆదివారాలు స్టేషన్ దాకా పోయానో! వికారాబాద్ రైలు వచ్చేది, పోయేది. ఎక్కడానికి మొహం చెల్లక తిరిగి వచ్చేవాణ్ణి.

మరుసటి ఏడు వానలు ముఖం చాటేశాయి. చలికాలంలో ఇంటికి పోతే అమ్మ వేడి వేడిగా పప్పు వడ్డించింది. రెండు ముద్దలు తిన్నాక, అవి ఆ పాత రకం కందులేనని రుచిని బట్టి తెలిసింది. కుండలో ఏమైనా మిగిలాయా అని అడిగాను.

"ఏడియి కొడకా? ఏసినయ్ ఎండిపాయె. అడుగున ఉన్నయ్ గియ్యే, వండిన. ఫికర్ చెయ్యకు, మీ సర్కారు తాన ఉన్నయ్ గద. వానలు పడ్డంక జరన్ని అడిగి తే."

సరే అన్నాను. ఇంకొంచెం వెయ్యనా అంటే వెయ్యమన్నాను.