రైహాన్ గిఫ్టు కూపన్

మా ఎదురింటి రైహాన్ బడి వంటగదిలో గరిటె పట్టుకుని నిలబడే జీవితం గడిపింది. పెళ్లికి పిలిచినా నేరుగా వంటింట్లోకి పోయి మాంసం కుండ మూత తీస్తుంది. రిటైరైన రోజున బడివాళ్లు ఆల్మాటీలో పేరున్న రెస్టారెంటు గిఫ్టు కూపన్ ఇచ్చారు.

"ఒక్కసారి నేను కూర్చుంటే ఎవరైనా వడ్డించాలి అపా. అంతే నా కోరిక" అంది నాతో. పెద్ద ఆడవాళ్లను మా దగ్గర అపా అంటారు.

శనివారం వెళ్తే శని, ఆదివారాలు చెల్లదన్నారు. సోమవారం మధ్యాహ్నం వెళ్తే సాయంత్రమే చెల్లుతుందన్నారు. సాయంత్రం వెళ్తే ముందు ఫోన్ చేసి రావాలన్నారు. ఫోన్ చేస్తే ఎత్తేవాడు లేడు.

"అసలెప్పుడు చెల్లుతుందో అడిగావా?"

"వెనకాల రాసుందట అపా. అక్షరాలు చీమ తలకాయలంత."

కూపన్ లాక్కుని కిటికీ దగ్గర భూతద్దం పెట్టి చూశాను. మర్నాడే ఆఖరు.

మర్నాడు తోడు వెళ్లాను. లోపల ఎలా ఉంటుందో చూడాలని నా ఆత్రం నాది. గుమ్మంలోనే మేనేజరు దౌలెత్ అడ్డం నిలబడ్డాడు.

"హాలంతా పెళ్లివాళ్లది అపా. రేపు రండి."

"రేపటికి ఇది చిత్తుకాగితం కదయ్యా" అంది రైహాన్.

"రూలు అపా. నేనేం చెయ్యను?"

అంతలో పెళ్లికొడుకు తండ్రి బయటికొచ్చాడు. తలగుడ్డలు కట్టుకున్న మా ఇద్దరు ముసలమ్మల్ని చూసి దౌలెత్ మీద విరుచుకుపడ్డాడు.

"పెద్దవాళ్లను గుమ్మంలో నిలబెడతావా? పెళ్లికూతురి వాళ్లు ఏమనుకుంటారు? రండమ్మా, పెద్దల చోట పైపీటన కూర్చోండి."

"మేం చుట్టాలం కా..." అనబోయిన రైహాన్‌ను మోచేత్తో పొడిచాను. ఆయన మమ్మల్ని ఆడపెళ్లివాళ్లనుకున్నాడు, పెళ్లికూతురి వైపువాళ్లు మగపెళ్లివాళ్లనుకున్నారు. ఎవరూ ఏమీ అడగలేదు.

ఉడికించిన మాంసం, పిండి రేకులు కలిపిన బేష్‌బర్మాక్ పళ్లెం దౌలెతే మోసుకొచ్చి రైహాన్ ముందు పెట్టాడు. అలవాటుకొద్దీ ఆమె ఉప్పు తేవడానికి లేచింది. కోటు అంచు పట్టి లాగి కూర్చోబెట్టాను.

"మాంసం ఇంకాస్త ఉడకాలపా" అని గొణిగింది. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

తిన్నాక పెద్దవాళ్లుగా దీవించమన్నారు. రైహాన్ అరచేతులు పైకెత్తి చల్లగా దీవించింది. తర్వాత అందరూ కానుకలు ఇస్తున్నారు. మావి వట్టి చేతులు. ఆమె సంచీ తెరిచి, కూపన్ తీసి పెళ్లికూతురి చేతిలో పెట్టింది.

బస్సులో, పెళ్లివాళ్లు కట్టిచ్చిన మాంసం మూట ఆమె ఒళ్లో వెచ్చగా ఉంది.

"గడువు ఈ రోజుతో సరి అని ఆ పిల్లకి చెప్పావుటే?"

"దీవించిన నోటితో అదెలా చెప్పనపా?" అంది రైహాన్. "వెనకాల రాసుందిగా."