ద్వాళి దాచుకున్న ఏడుపు

ఏడవడం కూడా ఒకరు నేర్పాలా అని మీరు నవ్వుతారేమో. నవ్వండి, ఈ మధ్య జనం నవ్వనిదంటూ ఏముంది గనక. కానీ దేవరుప్పుల దాటాక పత్తి చేల నడుమ ఉన్న తండాలో ద్వాళి అనే ముసలామె చేసిన పని అదే. పెళ్లి కుదిరిన ఆడపిల్లలకు ఏడవడం నేర్పేది.

నేను ఆ తండా బడిలో పంతులుగా పనిచేసి, రిటైరయ్యాక అక్కడే రోడ్డు పక్కన ఇల్లు కట్టుకున్నాను. నాకు తెలిసింది చెబుతాను. లంబాడీ పెళ్లిలో పిల్లను సాగనంపేటప్పుడు ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని రాగం తీసి ఏడుస్తారు. దాన్ని ఢావ్లో అంటారు. అది ఎవరో కట్టిపెట్టిన పాట కాదు, ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. దర్జీ కొలతలు తీసుకున్నట్టు ద్వాళి పెళ్లికూతురి దగ్గర కూర్చుని అన్నీ అడిగేది. ఏ మేకపిల్లను పెంచావు, ఏ బావిలో బిందె జారవిడిచావు, నీకోసం రొట్టె దాచిపెట్టింది ఎవరు? అవన్నీ రాగంలో పెట్టి, ఎక్కడ గొంతు ఎత్తాలో ఎక్కడ ఊపిరి పట్టాలో నేర్పేది. పెళ్లినాడు ఆ పిల్ల ఏడుస్తుంటే మగవాళ్లు కూడా తలపాగా కొసతో కళ్లు ఒత్తుకునేవారు.

ఇప్పుడు తండాకు డీజే వచ్చింది. నేర్చుకునే పిల్లలూ లేరు, నేర్పే వాళ్లలో ద్వాళి ఒక్కతే మిగిలింది. అద్దాల లంగా, మోచేతి పైదాకా తెల్ల గాజులు వేసుకునే మనిషి కూడా ఆమె ఒక్కతే.

ద్వాళి పుట్టింది మహబూబాబాద్ వైపు. భర్త చెరుకు నరకడానికి పోయిన చోటే జబ్బుచేసి చనిపోయాడు. కొడుకు చత్రు హైదరాబాద్‌లో తాపీ పని. కోడలు కేస్లి జ్వరంతో జనగామ దవాఖానలో కన్నుమూసింది. అప్పటికి ఆమె కూతురు సౌందర్యకు ఇంకా సరిగా నడక రాలేదు. ఆ పిల్లను ద్వాళే పెంచింది. పెంచుతూ పెంచుతూనే ఆ పిల్ల ఢావ్లో కూడబెట్టింది. వాళ్లింట్లో మాట లంబాడీ భాషలో నడుస్తుంది. నాకు వచ్చినంతలో మా వైపు తెలుగులోకి దించి చెబుతున్నాను.

సౌందర్య రొట్టె మాడిస్తే ముసలామె పొయ్యి దగ్గరినుంచే అరిచేది.

"మాడ్చినవా? మంచిగైంది. గిది గూడ నీ ఢావ్లోల పెడ్త!"

"పెట్టు పెట్టు. అత్తగారోళ్లు గది ఇని నన్ను ఇంటికే పంపుతరు," అనేది సౌందర్య.

బడి మొదటిరోజు ఆ పిల్ల నా కాలు కరిచి పారిపోయిన సంగతి కూడా ఆ ఢావ్లోలో ఉందట. ద్వాళి నాతో గర్వంగా చెప్పుకుంది. ఒక్కసారి వినిపించవే అని సౌందర్య ఎన్నోసార్లు బతిమాలింది. ముసలామె వినేది కాదు. "పెండ్లినాడు ఇనాలె. మెడ పట్టుకొని ఒక్కపారి ఏడిస్తే పిల్లను సాగనంపినట్టే లెక్క. రెండోపారి ఉండది," అనేది. తల్లి లేని ఆ పిల్లకు పెళ్లినాడు మెడ పట్టుకునే మనిషి ఆమె ఒక్కతే. సౌందర్య బంగారం కోసం ఎదురుచూసిందో లేదో నాకు తెలియదు గానీ, ఆ ఏడుపు కోసం మాత్రం చిన్నప్పటినుంచీ ఎదురుచూసింది.

సౌందర్య జనగామలో డిగ్రీ చదివి, ఇంటర్నెట్ పని ఏదో నేర్చుకుంది. చీరల దుకాణాలవాళ్లు, హోటళ్లవాళ్లు ఆమెకు పని ఇచ్చేవారు. నాకు అర్థమైనంతలో ఆ పని ఇది: జనం ఫోన్లో ఏ మాట కొట్టి వెతుకుతారో ముందే కనిపెట్టి, ఆ మాటను సరుకు మీద అంటించాలి. అప్పుడు వెతికినవాడికి మొదట మన సరుకే కనిపిస్తుంది. తండాలో సిగ్నల్ అంతంత మాత్రం. మా అరుగు మీద బాగా వస్తుందని ఆ పిల్ల ల్యాప్‌టాప్ తెచ్చుకుని అక్కడే కూర్చునేది. అందువల్ల జరిగిన దానిలో చాలా భాగం నా కళ్లముందే జరిగింది.

ఊళ్లో అందరి సరుకూ ముందుకు తెచ్చే పిల్ల తన నాయనమ్మను ముందుకు తేవాలనుకోవడంలో తప్పేముంది? యూట్యూబ్‌లో ఒక ఛానల్ పెట్టింది. ద్వాళి చేత తీజ్ పండగ పాటలు, నాట్ల పాటలు పాడించి పెట్టింది. ఎవరూ చూడలేదు. చూసినవాళ్లలో నేనొకణ్ని, నేను కూడా సగంలో నిద్రపోయాను.

ఆ చలికాలం ద్వాళికి ఆయాసం వచ్చింది. జనగామ దవాఖానలో చేర్చారు. కోడలు పోయిన దవాఖానే అది. ముసలామె అక్కడున్నన్నాళ్లూ గోడవైపు తిరిగే పడుకుందట. బతికి ఇంటికి వచ్చింది గానీ సౌందర్యకు మాత్రం గుండెల్లో బెదురు దిగిపోయింది.

"దాదీ, నా పెండ్లిదాంక నువ్వు లేకుంటే ఎట్లనే? నా ఢావ్లో నీతోనే పోతది గదా. ఒక్కపారి ఫోన్ల పెట్టుకుంట."

ముసలామె చివరికి ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందో తర్వాత నన్ను చాలామంది అడిగారు. ఎందుకేమిటి, తను చచ్చిపోతుందని ఆమె కూడా భయపడింది.

కుండల గూటిలో ఫోన్ నిలబెట్టి, దానివైపు చూసి పాడమంది సౌందర్య. ద్వాళి ఫోన్‌ను ఎగాదిగా చూసి, "గీనికి మెడ యాడున్నదే?" అంది. మెడ పట్టుకోనిదే ఆమెకు రాగం రాదు. నవ్వుకుంటూ సౌందర్యే వచ్చి ముందు కూర్చుని మెడ ఇచ్చింది. ఫోన్‌కు ఆ పిల్ల వీపు, ముసలామె ముఖం కనిపించేట్టు సర్దుకుంది.

నేను అప్పుడు మా అరుగు మీద ఉన్నాను. ఆ గొంతు విని ఎవరో పోయారనుకుని పరుగెత్తాను. గుమ్మంలోనే ఆగిపోయాను. "నీ తల్లి కేస్లి దవాఖాన మంచం పట్టుకొని నీళ్లడగలే బిడ్డా, నీ పేరే అడిగింది. నిన్ను నా ఒళ్ల ఏసిపోయింది. నేను నిన్ను ఎవరి ఒళ్ల ఏసి పంపుదునే!" అని ఆ ముసలామె ఏడుస్తోంది. సౌందర్య వీపు ఎగిరెగిరి పడుతోంది. నా కళ్లలోనూ నీళ్లు తిరిగాయి, అందులో సిగ్గుపడేదేముంది.

అయిపోయాక ద్వాళి లేచి, సాగనంపే పెళ్లికూతురికి పెట్టినట్టే సౌందర్య నోట్లో బెల్లం ముక్క పెట్టింది.

"గిదెందుకే దాదీ, ఇప్పుడేం పెండ్లి?"

"ఏడ్చినంక పిల్ల నోరు తీపి చేయాలె," అంది ముసలామె. ఆ పూట ఆమె అన్నం తినలేదు.

మొదట దాచుకోవడానికే తీసింది, నిజమే. కానీ చేతిలో అంత సరుకు పెట్టుకుని ఊరుకోవడం ఆ పని నేర్చినవాళ్లకు కష్టం. కొన్నాళ్లకే మా అరుగు మీద పంచాయితీ మొదలైంది. సౌందర్యతో పాటు కోర్సు చేసిన నౌషీన్ జనగామనుంచి వచ్చింది. మెహందీ పెట్టడంలో ఆ పిల్లకు మంచి పేరు. పిల్లలిద్దరూ వాదించుకుంటుంటే నేను చాయ్ తాగుతూ విన్నాను.

"ఫేస్‌బుక్‌ల పెట్టవే," అంది నౌషీన్. "పుణె, బొంబై పనులకు పోయిన మీ తండాలోళ్లంత అందులనే ఉన్నరు. మీ దాదిని ఎరిగినోళ్లు. చూసి ఏడుస్తరు, మొక్కుతరు. చాలదా?"

"ముసలోళ్లే జూస్తరు. వాళ్లకు ఢావ్లో అంటే ఎరికే గదనే. ఎరుక లేనోళ్లు జూడాలె. ఇన్‌స్టాల పెడ్త."

"ఎరుక లేనోళ్ల ముంగట ఏడిస్తే ఏమైతదో జర ఆలోచించు. నేను ఇన్‌స్టాల చేతులే పెడ్త, మొహం పెట్ట. ఎందుకంటవ్? చేతులను జూసి ఎవ్వడు నవ్వడు."

సౌందర్య వినలేదు. ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. "సార్, గిటు సూడుండ్రి. ఢావ్లో అని ఎవ్వరు కొడ్తలేరు. 'అమ్మలేని పెళ్లికూతురి ఏడుపు' అని మస్తు మంది కొడ్తున్రు. గదే టైటిల్ పెడ్త." అంత పెద్ద ఢావ్లోలో గొంతు బాగా పగిలిన చోటు ఏదో వెతికింది. కేస్లి పేరు వచ్చే చోటే అది. అక్కడ కత్తిరించి, చిన్న రీల్ చేసి పెట్టింది. ముసలామెకు చూపించిందా అంటే చూపించింది. ఆమె అద్దం చూసుకున్నట్టు చూసి, "నా దంతాలు గిట్ల ఉన్నయా?" అంది.

పని మాత్రం బ్రహ్మాండంగా తెలుసు ఆ పిల్లకు. లక్షల మంది చూశారు. భూపాలపల్లి బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్లు, ఎక్కడో దుబాయ్‌లో డ్రైవర్లు, మా అమ్మ గుర్తొచ్చిందంటూ రాశారు. సౌందర్య అవి చదివి వినిపిస్తుంటే ద్వాళి తల ఊపుతూ కూర్చునేది. ఆ నాలుగు రోజులు ఇల్లంతా వెలుగు.

ఆ తర్వాత ఎవడో కుర్రాడు తల మీద తువ్వాల కప్పుకుని, ద్వాళి గొంతుకు పెదాలు కదిపాడు. బండిలో పెట్రోల్ అయిపోయిందట, దానికి ఏడుపు. ఇంకొకడు పరీక్ష తప్పాడు. మరొకడికి బిర్యానీలో ముక్క రాలేదు. కేస్లి పేరు వచ్చే చోట వాళ్లు గుండెలు బాదుకుని కిందపడి దొర్లారు. వాళ్లను ఏమనాలో నాకు తెలుసు గానీ అచ్చులో రాయకూడదు.

సౌందర్య తన రీల్ తీసేసింది. అయితే ఏం, గొంతు అప్పటికే వందల మంది చేతిలో ఉంది. ఒకటి తీయిస్తే పది పుట్టేవి. ఒక వస్తువు అందరికీ దొరికేట్టు చేయడం ఆమెకు నేర్పారు, దొరకకుండా చేయడం ఎవరూ నేర్పలేదు. మా అరుగు మీద కూర్చుని ఫోన్‌ను బండకేసి కొట్టబోతే నేనే పట్టుకున్నాను.

ద్వాళికి ఈ సంగతి అంగడిలో తెలిసింది. మిరపకాయలు కొంటుంటే పోరగాళ్ల గుంపొకటి ఆమెను గుర్తుపట్టింది. ఆమె చుట్టూ చేరి ఆమె రాగమే తీశారు, ఆమె కోడలి పేరే పిలిచారు. ఫోన్లు పైకెత్తారు. ముసలామె సంచి అక్కడే వదిలేసి నడిచి వచ్చేసింది.

ఆ సాయంత్రం వాళ్లింటికి నేను కూడా పోయాను. సౌందర్య ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఏడుస్తోంది.

"తిట్టు దాదీ. కొట్టు. గిట్ల ఊకుంటే నాకు పానం పోతది."

"నన్ను జూసి నవ్విన్రు. నవ్వనీ, ముసలిదాన్ని," అంది ద్వాళి. "దాంట్ల నీ యాడి పేరుండె గదనే."

యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ.

వేసవిలో సౌందర్యకు పెళ్లి కుదిరింది. పిల్లాడు బాల్‌సింగ్‌ది మహబూబాబాద్ దగ్గరి తండా, ఎరువుల దుకాణంలో పని, నెమ్మదస్తుడు. పెళ్లి పనులు నడుస్తున్నన్నాళ్లూ సౌందర్యకు ఒకటే పరేషాన్. చీర గురించి కాదు, వంటల గురించీ కాదు. "సార్, దాది ఏడుస్తదా?" అని నన్ను అడిగేది. నేనేం చెప్పను? ఆ పిల్ల ద్వాళిని అడిగితే, "ఆనాటికి చూద్దాం," అనేదట.

పెళ్లయింది. సాగనంపే వేళ డీజే ఆపించాడు చత్రు. ఆడవాళ్లు గుండ్రంగా నిలబడ్డారు. సౌందర్య వచ్చి నాయనమ్మ మెడను రెండు చేతులా చుట్టుకుంది. చుట్టూ చుట్టాలు ఫోన్లు ఎత్తారు. వాళ్లు ప్రేమగానే ఎత్తారు, అయినా ద్వాళి ఆ ఫోన్లను ఒక్కొక్కటే చూసింది. ఆమె చేతులు కిందికే వేలాడుతున్నాయి. గొంతు లేవలేదు.

అప్పుడు సౌందర్యే అందుకుంది. ఆ రీల్ కత్తిరించేటప్పుడు ఎన్నిసార్లు విన్నదో, ఒక్క మాట తప్పలేదు. నీ తల్లి నీళ్లడగలే బిడ్డా, నీ పేరే అడిగింది... నాయనమ్మ తనకోసం ఏడవాల్సిన ఏడుపును తానే ఏడుస్తోంది. వెనక కుర్రకారులో ఎవడో ఆపుకోలేక కిసుక్కుమన్నాడు. చత్రు తిరిగి వాడి చెంప మీద కొట్టాడు.

ద్వాళి తన చేయి ఎత్తి పిల్ల నోటి మీద పెట్టింది.

"ఊకో బిడ్డా. అది అయిపోయింది. నిన్ను నేను ఆనాడే పంపిన."

కేక పెట్టలేదు, నిష్ఠూరమూ ఆడలేదు. ఉన్న మాట చెప్పింది. సౌందర్య ముఖం తెల్లబోయింది. బెల్లం ముక్క ఆమెకు అప్పుడు గుర్తొచ్చి ఉంటుంది, నాకూ అప్పుడే గుర్తొచ్చింది. ఆ పిల్ల కళ్లు తుడుచుకుని వెళ్లి కారెక్కింది. మా తండానుంచి ఢావ్లో లేకుండా పోయిన పెళ్లికూతుళ్లు ఈ మధ్య చాలామందే ఉన్నారు, వాళ్లలో ఒక్కరికీ అది కావాలని లేదు.

మొన్న ద్వాళి పొయ్యి దగ్గర ఉండగా నేను వెళ్లాను. మహబూబాబాద్‌నుంచి సౌందర్య ఫోన్ చేసింది. ముసలామెకు చెవులు సరిగా వినిపించవని, సెలవు మీద ఇంటికొచ్చిన చత్రు స్పీకర్ పెట్టాడు.

"దాదీ, ఇయ్యాల మల్ల రొట్టె మాడ్చిన!" అంది సౌందర్య. అని ఆగింది. అవతల ఆ పాత జవాబు కోసం కాచుకున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది.

ద్వాళి రొట్టె తిరగేసింది.

"ఇంకోటి చేసుకొని తిను బిడ్డా," అంది.