ఎనోకా పిక్కులు, తోడల్లుడి వేళ్ళు

ఎనోకా నహలేకి పగవాళ్ళు ఇద్దరే. ఒకటి తన వేళ్ళకు పట్టే చెమట, రెండోవాడు తోడల్లుడు సోలొమోనా. చెమటను తిట్టుకుంటే అడిగేవాడు లేడు. తోడల్లుణ్ణి తిట్టుకోవడానికి మాత్రం వీల్లేదు, ఎందుకంటే ఆ మహానుభావుడు ఊరందరికీ మంచివాడు.

పదకొండేళ్ళుగా ఎనోకా హోనొలులు ఊరి వైకీకీ తీరాన ఒక హోటలు వరండాలో స్టీలు గిటారు వాయిస్తున్నాడు. గిటారును ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, ఎడమచేత్తో తీగల మీద ఉక్కు కడ్డీ జారుస్తూ, కుడిచేతి వేళ్ళతో మీటాలి. ఆ వేళ్ళకు పిక్కులు, అంటే తీగ మీటే రేకు తొడుగులు, తొడుక్కోవాలి. వాటి రెక్కలను పటకారుతో నొక్కి వేలికి బిగిస్తారు. ఎక్కువ బిగిస్తే వేలు నీలంగా మారి రెండు పాటలకే ప్రాణం పోతుంది. వదులుగా ఉంచితే చెమటకి పిక్కు గిర్రున తిరిగి, పాట మంచి పట్టులో ఉన్నప్పుడు చక్కా ఎగిరిపోతుంది. ఎనోకావి ఎగిరిపోయేవి. మైనం రాశాడు, ఉమ్మి రాశాడు, బూడిదలో వేళ్ళు ముంచాడు. ఒక్కటీ పనిచేయలేదు.

సోలొమోనా పిక్కులు మాత్రం కదిలేవి కావు. పెళ్ళిళ్ళలో, చర్చి విందుల్లో, ఓడలు వచ్చిన రోజున రేవులో, మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా ఆ మనిషి గుర్రం దౌడు లాంటి పాట అందుకుని చివరిదాకా వాయించి నవ్వుతూ లేచేవాడు. ఎనోకా చప్పట్లు కొట్టేవాడు, లోపల కుతకుత ఉడికిపోయేవాడు. ఈ ఏడాదిన్నరగా సోలొమోనా వాయిద్యం మరీ పదునెక్కింది. అది ఎనోకాకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అసూయపరుడి చెవి అంత మంచిది మరి.

పోనీ, రహస్యం ఏమిటని అడగొచ్చు కదా అంటారా? మా హోనొలులు వాయిద్యగాళ్ళలో అడగడం ఉండదు. శ్రుతి ఎవరూ ఎవరికీ చెప్పరు. మంచినీళ్ళకు లేచినా తీగలు సడలించి మరీ లేస్తారు, వెనకాల ఇంకొకడు మీటి చూస్తాడని. పిక్కులు తొడుక్కునేటప్పుడు గోడవైపు తిరుగుతారు. ఒకరి పనిమీద ఇంకొకరు చెయ్యి వేయరు, నోరు తెరిచి అడగరు. ఈ పద్ధతిని అందరికంటే గట్టిగా పట్టుకుని వేలాడినవాడు ఎనోకాయే. సొంత బావమరిది అడిగినా శ్రుతి చెప్పనివాడు, ఇప్పుడు తోడల్లుణ్ణి ఏ మొహంతో అడుగుతాడు?

ఒక సాయంత్రం ఎనోకా చూపుడువేలి పిక్కు ఎగిరి, ముందు వరసలో కూర్చున్న దొరసాని సూపు గిన్నెలో పడింది. ఆవిడ నవ్వింది. మేళం పెద్ద అబేలా నవ్వలేదు. కచేరీ అయ్యాక ఎనోకాని పక్కకు పిలిచాడు.

"ఈ నెలలో మూడోసారి, ఎనోకా. హోటలువాళ్ళు నన్ను అడుగుతున్నారు."

"వానముందరి ఉక్క, అబేలా. చెమట ఆగట్లేదు."

"చెమట నీ ఒక్కడికేనా? మీ తోడల్లుడికి పట్టదా?" అన్నాడు అబేలా. "శనివారం వాళ్ళబ్బాయి మొదటి పుట్టినరోజు విందుకి నన్నూ పిలిచారు. ఇద్దరూ వాయించండి, వింటాను. సోమవారం నుంచి నీ కుర్చీలో ఎవరు కూర్చోవాలో అప్పుడే చెప్తా."

ఆ మాటతో ఎనోకాకి అన్నం సహించలేదు. ఆ కుర్చీ తప్ప అతనికి వేరే విద్య లేదు, వేరే పేరూ లేదు. కుర్చీ పోతే అనాసల కార్ఖానాలో డబ్బాలు మోయాలి. అంతకంటే ఘోరం, సోలొమోనా ఆ కుర్చీలో కూర్చుని వాయిస్తుంటే ఊళ్ళో ఉండి వినాలి.

గురువారం అతనికో ఆలోచన వచ్చింది. పూర్వం పిట్టలు పట్టడానికి వాడిన సీమపనసచెట్టు పాల జిగురు! సోలొమోనా పెరట్లో ఆ చెట్టుంది. రహస్యం అదే అయుంటుందని తీర్మానించుకుని, పక్కింటి చెట్టుకి గాటు పెట్టి, కారిన పాలు కాచి, పిక్కుల లోపల పూసి తొడుక్కున్నాడు. పిక్కులు కదల్లేదు, నిజమే. కానీ తొడిగింది ఎడమచేత్తో కదా, ఆ చేతికంతా జిగురైంది. ఉక్కు కడ్డీ వేళ్ళకు అతుక్కుపోయింది, తీగలు కడ్డీకి అతుక్కున్నాయి. పాట మధ్యలో గిటారు తోక తొక్కిన పిల్లిలా అరిచింది. భార్య కలెహువా కిరసనాయిలు గుడ్డ పట్టుకొచ్చి వేళ్ళు రుద్దుతూ, నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఏమయ్యా, ఈ వయసులో నీకీ పిట్టల వేటేంటి?"

"నవ్వు. మీ చెల్లెలి మొగుడు కుర్చీ ఎక్కాక ఇంకా బాగా నవ్వుదువుగాని."

"వాడు నిన్నెప్పుడైనా ఒక్క మాటన్నాడా? అన్నా అన్నా అంటూ తిరుగుతాడు."

"అందుకే ఒళ్ళు మండేది," అన్నాడు ఎనోకా.

శనివారం విందుకి అరవైమంది వచ్చారు. గుంటలో రాళ్ళు కాల్చి, పందిని, చేమదుంపలను ఆకుల్లో చుట్టి వండారు. గుంట తెరిచేటప్పుడు మగవాళ్ళంతా చేతులు నీళ్ళలో ముంచుకుంటూ అబ్బా అమ్మా అంటుంటే, సోలొమోనా పొగలు కక్కే దుంపను ఒట్టి చేత్తో తీసి పళ్ళెంలో పెట్టాడు. అందరూ ఆహా అన్నారు. అత్తగారు కపెకా మురిసిపోయి, "మా చిన్నల్లుడి చేతులు రాతి చేతులే," అంది. ఎనోకా పక్కకు తిరిగి నేలమీద ఉమ్మాడు. వంటలో కూడా వాడే గొప్ప.

ముందు ఎనోకా వాయించాడు. మొదటి పాట బాగా సాగింది, రెండోది అంతకంటే బాగా సాగింది. మూడో పాటలో నడిమివేలి పిక్కు తిరిగిపోయింది. ఎగరకుండా బొటనవేలితో అదిమిపట్టి ఎలాగో ముగించాడు. అబేలా చేపముక్క నోట్లో వేసుకున్నాడు. తరవాత సోలొమోనా కూర్చున్నాడు. ఏం చెప్పను! ముసలావిడలు పళ్ళేలు కింద పెట్టేశారు. పిక్కులు వేళ్ళకే మొలిచినట్టు ఉన్నాయి. చివరి స్వరం ఆగగానే అబేలా లేచి, సోలొమోనా భుజం మీద చెయ్యి వేయబోయాడు.

ఎనోకా తట్టుకోలేకపోయాడు. ఇన్నేళ్ళ పద్ధతి, పరువు, అన్నీ మరిచిపోయి మధ్యలోకి వచ్చాడు.

"ఆగు అబేలా. ఏదో పూసుకొచ్చాడు వీడు. చెయ్యి చూపించమను."

జనం గుసగుసలాడారు. అలా అడగకూడదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. సోలొమోనా మాత్రం కోప్పడలేదు.

"ఏం లేదన్నా. కావాలంటే చూసుకో," అని నవ్వుతూ చెయ్యి చాపాడు.

ఎనోకా పిక్కు లాగి చూశాడు. జిగురు లేదు, మైనం లేదు. వేలు పొడిగా ఉంది. ఆ ఎండలో, అంత వాయించాక, చెమట చుక్కయినా లేదు. ఎనోకాకి ఇంకా మండింది.

"అయితే బిగింపులో ఉంది కిటుకు. ఎంత బిగిస్తావ్? ఇంతా?" అంటూ పిక్కు మళ్ళీ తొడిగి, జేబులోంచి పటకారు తీసి రెక్కలు నొక్కాడు.

"అంతేననుకుంటా."

"ఇంతా?"

"ఏమో అన్నా, నేనెప్పుడూ కొలిచి చూళ్ళేదు."

ఎనోకా ఇంకా నొక్కాడు. నొక్కుతున్నది పటకారు కాదు, ఏడాదిన్నర కడుపుమంట. వాడి మొహం మీద ఆ నవ్వు పోవాలి, అంతే. రేకు అంచు చర్మంలో దిగింది. నెత్తురు వేలి చుట్టూ ఉంగరంలా ఊరి, మణికట్టు మీదుగా కారి, చాపమీద పడింది. సోలొమోనా అబేలావైపు తిరిగి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"అల్లుడూ, నెత్తురు," అంది కపెకా.

సోలొమోనా కిందికి చూశాడు. చూశాక, "అబ్బా," అన్నాడు.

ఆ అబ్బా ఆలస్యంగా వచ్చింది. అరవైమందీ విన్నారు. కాల్చినా కోసినా తెలియని, చెమటైనా పట్టని వేలంటే ఏమిటో మా దీవుల్లో ఎవరికీ చెప్పనక్కరలేదు. వేరుచేసే జబ్బు అంటాం మేము, కుష్ఠును. వచ్చినవాణ్ణి మొలొకాయి దీవికి పంపేస్తారు, తిరిగి రానివ్వరు. అబేలా ఎత్తిన చెయ్యి దించుకుని టోపీ పెట్టుకున్నాడు. సోలొమోనా భార్య హౌనాని పిల్లాణ్ణి మొగుడి పక్కనుంచి తీసి అక్క చేతిలో పెట్టి, తను వెళ్ళి మొగుడి పక్కనే కూర్చుంది. ఎనోకా చేతిలో పటకారు అలాగే ఉంది.

సర్కారు వైద్యులకి ఎవరు చెప్పారో తెలియదు. పది రోజుల్లో పరీక్షకు తీసుకెళ్ళారు, రెండు నెలల్లో ఓడ ఖాయమైంది. భార్య సాయానికి వెళ్ళొచ్చు, పిల్లాడు వెళ్ళకూడదు. హౌనాని వెళ్తానంది. పిల్లాడు ఎనోకా ఇంట్లో ఉండిపోయాడు. కుర్చీ కూడా ఎనోకాకే ఉండిపోయింది.

ఓడ కదిలే రోజు ఉదయం బంధువులంతా రేవుకి వచ్చారు. మధ్యలో కంచె వేసి ఉంది. ఎనోకా కంచె దాకా రాకుండా దూరంగా ఆగిపోయాడు. సోలొమోనాయే పిలిచాడు.

"అన్నా, ఇలా రా. ఎందుకంత దూరం?"

ఎనోకా వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. "నేను చెప్పలేదు తమ్ముడూ, వాళ్ళకి. ఒట్టు."

"తెలుసు."

"నీ కిటుకేంటో తెలుసుకుందామనే... అంతే."

"నాకు మాత్రం తెలుసా అన్నా?" అన్నాడు సోలొమోనా. "పోయినేడాది నుంచి పిక్కు నొప్పెట్టట్లేదు, జారట్లేదు. దేవుడు నా చేతిని ముట్టుకున్నాడనుకున్నా. ఆదివారం ఆదివారం చర్చిలో స్తోత్రం చెప్పుకునేవాణ్ణి."

అటుపక్కనుంచి ఎవరో ఒక పాట వాయించి వెళ్ళమని ఏడుస్తూ అడిగారు. సోలొమోనా పెట్టె మీద కూర్చుని, గిటారు ఒళ్ళో పెట్టుకుని, గోడవైపు తిరక్కుండా అందరి ముందే పిక్కులు తొడుక్కున్నాడు. వేగమైన పాటే ఎత్తుకున్నాడు. కడ్డీ నీళ్ళలా జారింది. ఒక్క పిక్కూ కదల్లేదు.

పిల్లాణ్ణి ఎత్తుకుని కలెహువా వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఎనోకాకి కూడా కళ్ళనీళ్ళు కారుతున్నాయి. కారుతూనే ఉన్నాయి, అయినా కళ్ళు మాత్రం ఆ వేళ్ళ మీంచి కదల్లేదు. ఎంత బాగా వాయిస్తున్నాడు వీడు, నాకెందుకు రాదు అనుకున్నాడు. ఇప్పుడు కూడా అలా అనుకున్నట్టు తెలియగానే కంచె ఊచ పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.