సగం మాత్ర

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో లారీల గేర్‌బాక్సులు, నీళ్ల పంపులు బాగుచేసే ఒక షెడ్డు ఉంది. అందులో పెద్దిరాజు పదిహేడేళ్లుగా లేత్ మిషను మీద పనిచేస్తున్నాడు. ఊరు రాజోలు పక్కన. మాట తక్కువ మనిషి. బేరింగు పాడయిందో లేదో తేల్చాలంటే పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను మిషను ఒంటికి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కిపెట్టి, కళ్లు మూసుకుని వింటాడు. "విప్పండి, లోపల గుండు పగిలింది" అంటాడు. విప్పి చూస్తే పగిలే ఉంటుంది. ఇక కొలతల సంగతి చెప్పనక్కర్లేదు. పక్కవాడు "ఇరవై అయిదు, పక్కా" అని ఒట్టేసినా సరే, షాఫ్టు తుడిచి తన చేత్తో మైక్రోమీటరు పెట్టి చూసుకున్నాకే పని మొదలెడతాడు.

అలాంటివాడు 2023 ఎండాకాలంలో భార్య చెప్పిన ఒక్క మాటను మాత్రం చూడకుండా నమ్మాడు.

భార్య పేరు బేబీ. చిన్నతనంలో వచ్చిన కీళ్లవాతం జ్వరం ఆమె గుండెలో ఒక వాల్వును తినేసింది. 2019లో కాకినాడలో ఆపరేషను చేసి, ఆ పాడయినదాన్ని తీసేసి లోహంతో చేసిన వాల్వు పెట్టారు. ఖర్చు ఆరోగ్యశ్రీ కింద వెళ్లిపోయింది. మిగిలిందల్లా ఒక చిన్న తెల్లమాత్ర. రోజూ సాయంత్రం ఒకటి వేసుకోవాలి, బతికున్నన్నాళ్లూ. రక్తాన్ని పలచగా ఉంచే మాత్ర అది. తగ్గితే లోహం మీద రక్తం గడ్డకడుతుంది. సరిపోతోందో లేదో తెలుసుకోవడానికి నెలకోసారి రక్తపరీక్ష. "అన్నం మానినా పర్లేదమ్మా, ఇది మానకు" అని పంపాడు డాక్టరు.

గది నిశ్శబ్దంగా ఉంటే ఆ వాల్వు మూసుకునే చప్పుడు బయటికే వినపడుతుంది. సన్నగా, టిక్కుటిక్కుమని. ఆపరేషనుకి సెలవు మీద వెళ్లిన పెద్దిరాజు మొదటిసారి విన్నప్పుడు చాలాసేపు అలాగే కూర్చుండిపోయాడు.

"భయమేస్తందాండీ?" అంది బేబీ.

"భయమెందుకూ? మంచి ఫిట్టింగు. ఎక్కడా లూజు లేదు."

"ఆయ్, మీకు నేను కూడా మిషన్నే కదండీ" అని నవ్వింది.

ఆ తర్వాత కరోనా, ఆ వెనకే అప్పులు. నాలుగేళ్లు ఇంటి ముఖం చూడలేకపోయాడు. తను వెళ్లడంకన్నా ఆమెను రప్పించడమే చవకని తేలింది. అరవై రోజుల విజిట్ వీసాకి షార్జాలోనే రోలా పేటలో ఉన్న ఖాదర్ హుస్సేన్ టైపింగ్ సెంటరుకి వెళ్లాడు. ఖాదర్ హుస్సేన్‌ది గుంటూరు. వీసాతోపాటు ఆరోగ్య బీమా కూడా అతనే రాస్తాడు.

"జబ్బులేమన్నా ఉన్నాయా అన్నా, వదినకి?"

"గుండె ఆపరేషనయ్యింది. నాలుగేళ్లయ్యింది."

ఖాదర్ హుస్సేన్ వేళ్లు కీబోర్డు మీద ఆగాయి. "ఇప్పుడు బాగుందిగా?"

"బాగుంది."

"బాగున్నదాన్ని బిమారీ అని రాస్తామా ఎక్కడన్నా? రాశామంటే ఈ పాలసీ రాదు. వేరేదానికి వెళ్లాలి. దానికి రిపోర్టులు కావాలి, ఖర్చు పదింతలు. రెండు నెలలకి ఏమవుద్దన్నా? సముద్రం చూపించు, బంగారం షాపులు బయట్నించే చూపించు, విమానమెక్కించు. ఖలాస్."

'ఏ జబ్బూ లేదు' అన్న గడిలో టిక్కు పెట్టి ఉంది. దాని కింద పెద్దిరాజు సంతకం చేశాడు.

బేబీ మే నెలలో దిగింది. రోలాలో ఒక పాత బిల్డింగు మూడో అంతస్తులో, ప్లైవుడ్ అడ్డం పెట్టి హాలును రెండు ముక్కలు చేసిన ఫ్లాటులో ఒక ముక్క వాళ్లది. ఫ్లాటు అద్దెకి తీసుకున్న అక్తర్ బీ కడపావిడ. బ్రహ్మచారులకి క్యారియర్లు వండి పంపుతుంది. నాలుగు రోజులు తిరక్కుండానే బేబీ ఆమె పక్కన పీట వేసుకుని ఉల్లిపాయలు తరుగుతోంది. పెద్దిరాజు షెడ్డు నుంచి వచ్చేసరికి ఇద్దరి నవ్వులూ మెట్ల మీదికే వినపడేవి. లిఫ్టు సగం రోజులు పనిచేయదు. బేబీ మెట్లన్నీ ఆగకుండానే ఎక్కేది, మొదట్లో.

రెండు నెలలు కావస్తుంటే, "ఇంకో నెల ఉండిపో" అన్నాడు. ఆమెకీ ఉండాలనే ఉంది. వీసా ముప్పై రోజులు పొడిగించారు. తెచ్చుకున్న మాత్రలు అరవై అయిదు. ఇక్కడ కొనాలంటే డాక్టరు చీటీ కావాలి. డాక్టరు దగ్గరికి వెళితే ఫారంలో లేని ఆపరేషను సంగతి బయటికొస్తుంది. కాబట్టి మనవాళ్లందరూ చేసేదే చేశారు. అమలాపురం నుంచి ప్రసన్నకుమార్ అనే తెలిసినతను వస్తున్నాడు. మాగాయ సీసా, సున్నుండలు, వాటి మధ్యన మాత్రలు కట్టి పార్శిలు అతనికి అందజేయించారు.

ప్రసన్నకుమార్ ప్రయాణం ఒక వారం వాయిదా పడింది. తర్వాత ఇంకో రెండు వారాలు.

"మాత్రలు సరిపోతాయా?" అని అడిగాడు పెద్దిరాజు.

"బోలెడున్నాయండి. ముందు మీరు పనికెళ్లండి."

డబ్బా తలగడ పక్కనే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. అతను బూట్లు వేసుకుని వెళ్లిపోయాడు.

జూలై రెండో వారంలో బేబీ మెట్ల మధ్యలో ఆగడం మొదలెట్టింది. తర్వాత దగ్గు పట్టుకుంది. పడుకుంటే దగ్గు ఎక్కువయ్యేది, అందుకని రెండు తలగడలు ఎత్తుగా పెట్టుకునేది. చీలమండలు ఉబ్బి పట్టీలు కోసుకుపోతుంటే, తీసి సంచిలో పెట్టేసింది.

"ఏసీ గాలి సెల్లీ, అదేం లేదు" అంది అక్తర్ బీ. "నాకూ వచ్చిన కొత్తలో ఇట్లనే. మిరియాల కషాయం తాగు. అన్నా, నువ్వేంది అట్ల మొగం పెట్టినావు? ఊరికే ఇన్సూరెన్సు కాయితం పెట్టుకొని కూర్చుంటే ఏం లాభం, క్లినిక్కుకు తీస్కపో."

శుక్రవారం పొద్దున సందు చివరి క్లినిక్కుకి తీసుకెళ్లాడు. కౌంటరులో బీమా కాగితం చూపించారు. డాక్టరుది ఏ దేశమో తెలియలేదు కానీ హిందీలో అడిగాడు. బయట పాతికమంది ఉన్నారు.

"ఏదైనా పాత జబ్బుందా? ఆపరేషన్?"

బేబీ ఆపరేషను మచ్చ కనపడకుండా చున్నీని మెడదాకా లాక్కుని తల అడ్డంగా ఊపింది. డాక్టరు పెద్దిరాజు వైపు చూశాడు. చెప్పడానికి అతనికి ఒక్క క్షణం దొరికింది. చేతిలో ఉన్న బీమా కాగితం వైపు చూసుకున్నాడు. క్షణం అయిపోయింది.

డాక్టరు ఆమె బట్టల మీదినుంచే వీపున రెండుచోట్ల స్టెతస్కోపు ఆనించి, దగ్గుమందు రాసి, బెల్లు కొట్టాడు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇద్దరూ నడుం వాల్చారు. అక్తర్ బీ క్యారియర్లు పంపి నిద్రపోయింది. రెండున్నరకి బిల్డింగులో కరెంటు పోయింది. అన్ని కిటికీల ఏసీలూ ఒక్కసారే ఆగాయి. షార్జాలో అలాంటి నిశ్శబ్దం ఏడాదికోసారి కూడా దొరకదు. చెమట పట్టి పెద్దిరాజుకి మెలకువ వచ్చింది. పక్కన బేబీ గోడకి చేరగిలి కూర్చునే కళ్లు మూసుకుంది. ఊపిరి పైపైన ఆడుతోంది.

ఏదో తక్కువయింది. ఏమిటో వెంటనే తట్టలేదు. వీధిలో ఎవడో తలుపు వేసిన చప్పుడు వినిపించింది. పక్క గదిలో అక్తర్ బీ గురక వినిపించింది. వినిపించాల్సినదే వినిపించడం లేదు.

వంగి ఆమె గుండెల మీద చెవి పెట్టాడు. గుండె పరుగెత్తుతోంది. కానీ లోహం చప్పుడు లేదు. గుడ్డ చుట్టిన సుత్తితో కొట్టినట్టు, మెత్తగా, బరువుగా ఏదో కదులుతోంది అంతే. గ్రీజు గడ్డకట్టి ఇరుక్కుపోయిన పంపు వాల్వు ఎలా ఉంటుందో అతనికి తెలుసు. అలాంటివి వందల కొద్దీ విప్పాడు.

డబ్బా తీశాడు. అడుగున అయిదు ముక్కలున్నాయి. అన్నీ సగాలే. బ్లేడుతో సరిగ్గా మధ్యకి కోసినవి.

"బేబీ! ఏంటివి?"

ఆమె కళ్లు తెరిచి డబ్బా చూసి మళ్లీ మూసుకుంది. "పార్శిలొచ్చేదాకా సర్దుకుందారనుకున్నానండి. సగం వేసుకుంటున్నాను కదా... అసలుకి మానలేదండి."

"ఎన్నాళ్ల నించి?"

"పందొమ్మిది రోజులు."

"నాకు చెప్పొద్దా?"

"చెబితే డాక్టరు కాడికి తీసుకెళ్తారు. కాయితంలో సంతకం మీది. వాళ్లకి తెలిసిపోతే మిమ్మల్ని ఏం జేత్తారో అని."

అక్తర్ బీని లేపాడు. ఇద్దరూ కలిసి బేబీని కుర్చీలో కూర్చోబెట్టి మూడంతస్తులూ మోసుకొచ్చారు. టాక్సీలో కూర్చున్నాక ఏ ఆసుపత్రిలో బీమా చెల్లుతుందో కనుక్కోవడానికి ఖాదర్ హుస్సేన్‌కి ఫోను చేశాడు. సంగతంతా చెప్పాడు.

"అన్నా, నా మాట విను. ఆపరేషన్ మాట నీ నోట్లోంచి రానీయకు. ఛాతీలో నొప్పి, ఇవాళే మొదలైంది. అంతే చెప్పు. వాళ్లు డాక్టర్లు, వాళ్లే కనుక్కుంటారు. నువ్వు చెప్పావో, పాలసీ ఖలాస్. ఆ బిల్లు నువ్వు ఈ జన్మలో కట్టలేవు."

స్పీకరులో ఉంది. బేబీ విన్నది. పెద్దిరాజు చొక్కా పట్టుకుంది. "ఆయన చెప్పినట్టే చెప్పండి. నామీదొట్టు."

ఎమర్జెన్సీ తలుపు దగ్గర మలయాళీ నర్సు చక్రాల కుర్చీ తోసుకొచ్చింది. బేబీ వేలికి క్లిప్పు తగిలిస్తూనే, ఏమైంది, ఇదివరకు ఆపరేషనేదైనా అయిందా అని హిందీలో అడిగింది: "క్యా హువా? పెహలే కోయీ ఆపరేషన్?"

బేబీ పిడికిలి చొక్కాను ఇంకా గట్టిగా లాగింది. వాళ్లే కనుక్కుంటారన్నది నిజమే కావచ్చు. పరీక్షలు చేస్తారు, ఫోటోలు తీస్తారు, ఒక గంటకో రెండు గంటలకో కనుక్కుంటారు. ఇరుక్కున్న వాల్వు మీద పంపు తిరుగుతూ ఉంటే మోటారు ఎంతసేపు తట్టుకుంటుందో పెద్దిరాజుకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"దిల్ మే లోహే కా వాల్వ్ హై" అన్నాడు. "జామ్ హో గయా. ఆధా గోలీ ఖాయా, ఉన్నీస్ దిన్." గుండెలో లోహం వాల్వు ఇరుక్కుపోయిందని, పందొమ్మిది రోజులుగా సగం మాత్రే వేసుకుందని, తనకొచ్చిన హిందీలో చెప్పేశాడు.

నర్సు వెంటనే డాక్టరును పిలిచింది. వాల్వు ఇరుక్కుందని నీకెలా తెలుసన్నాడు డాక్టరు. చప్పుడు ఆగిపోయిందన్నాడు పెద్దిరాజు. డాక్టరు స్టెతస్కోపు పెట్టి విని, ఇంకేమీ అడక్కుండా కుర్చీని తానే తోసుకుంటూ లోపలికి పరుగెత్తాడు. పెద్దిరాజు చొక్కా గుండీ ఒకటి బేబీ చేతిలోనే వెళ్లిపోయింది.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు ముందు వైద్యం, తర్వాతే బిల్లు అని అతనికి అప్పుడే తెలిసింది. పది నిమిషాల్లో బల్ల మీద కాగితాలు పెట్టారు. గడ్డను కరిగించే మందు ఎక్కిస్తాం, కరిగేటప్పుడు ముక్క ఊడి మెదడుకి వెళ్లొచ్చు, ఎక్కించకపోతే సాయంత్రం దాకా ఉండదు అని డాక్టరు హిందీలో నెమ్మదిగా చెప్పాడు. పెద్దిరాజు సంతకం చేశాడు. బీమావాళ్ల నుంచి ఫోను వచ్చింది. ఆపరేషను సంగతి ఫారం రాసేటప్పటికి తెలుసా అని అడిగారు. తెలుసన్నాడు. అటునుంచి ధన్యవాదాలు చెప్పి పెట్టేశారు.

మర్నాడు పొద్దుటికి వాల్వు కదిలింది. ఆ మధ్యాహ్నమే ముక్క ఊడింది. మెదడుకి వెళ్లి కుడిచెయ్యి, సగం మాట పట్టుకుపోయింది. త్వరగా తెచ్చారు కాబట్టి ఈమాత్రం దక్కిందన్నారు డాక్టర్లు. ఆ మాట ఎటు పట్టుకోవాలో అతనికి తెలియలేదు.

పన్నెండు రోజులకి బేబీని రోలాకి తెచ్చారు. బిల్లు నలభై ఎనిమిది వేల దిర్హాములు. షెడ్డు నడిపే ముదీర్, అంటే మేనేజరు, పూచీకత్తు ఉన్నాడు. నాలుగేళ్లపాటు పెద్దిరాజు జీతంలో సగం అటే పోతుంది. ఇది బేబీకి చెప్పొద్దని అక్తర్ బీ చేత కూడా మాట తీసుకున్నాడు.

"ఎంత... అయ్యిందండి?" అని అడిగింది బేబీ. ఒక్కో మాటకీ పెదవిని తోసుకోవాల్సి వస్తోంది.

"ఇన్సూరెన్సోళ్లు కట్టేశారు."

ఆమె ఎడంచేత్తో కొత్త మాత్రల పెట్టె తీసుకుని తిప్పి తిప్పి చూసింది. ధర ఉన్న కాగితాన్ని అతను మందుల షాపు బయటే గోకేశాడు. అక్కడ మిగిలిన జిగురు మరకను ఆమె బొటనవేలితో తడిమింది.

"ఖరీదు... ఎక్కువాండి?"

"ఏం లేదు. వేసుకో."

నోట్లో వేసుకుంది. నీళ్లు తాగింది. కొన్ని నీళ్లు పెదవి పక్కనుంచి కారాయి.

"నోరు తెరు."

తెరిచింది. అతను ఫోను లైటు వేసి నాలుక మీద, నాలుక కింద, చచ్చుబడిన కుడివైపు బుగ్గ లోపల, ఒక్కో చోటా చూశాడు. ఏమీ లేదు.

"మింగేశాను... కదండీ" అంది.

గురువారం ఆమె విమానం. ఊళ్లో ఇంటి తాళం తీసుకుని ఒక్కతే ఉండాలి. పెద్దిరాజు లైటు ఆర్పకుండా ఇంకా చూస్తూనే ఉన్నాడు.