ఆయన కడిగిన చివరి రీలు

మొన్న మా మనవరాలు ఫోన్‌లో నా ఫొటో తీసి, వేలితో అటూ ఇటూ జరిపి, నా పచ్చచీరను ఎర్రచీర చేసి చూపించి నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఆ పూట అన్నం సహించలేదు. ఆ రంగుల కోసం వాళ్ల తాత పడిన పాట్లు ఆ పిల్లకు ఎట్లా చెప్పను?

ఎనభైల మొదట్లో వరంగల్‌లో మాకు బట్టల దుకాణం ఉండేది. మా ఆయనకు ఫొటోల పిచ్చి. కలర్ రీలు కడిగించాలంటే హైదరాబాదు పంపవలసిన ఆ రోజుల్లో, ఆయన మందులు తెప్పించుకుని, బట్టల మూటలు పెట్టుకునే గదికి నల్లగుడ్డలు కట్టి, ఇంట్లోనే కడగడం నేర్చుకున్నారు. కటిక చీకట్లో రీలును డబ్బాలోకి చుట్టి మూత పెట్టాక, బల్బు వేసి మందు పోసేవారు. ఆ మందు ఏ కాస్త వేడెక్కినా రంగులు పాడవుతాయి. మన ఎండాకాలంలో ట్యాంకు నీళ్లే కాగిపోయి ఉంటాయి గనుక, సీసాలను ఐసుముక్కల తొట్టిలో పెట్టి, థర్మామీటరులోని సన్నటి గీతను చూసుకుంటూ కూర్చునేవారు.

కొన్నాళ్లకు ఆ గీతను నన్ను చూడమనడం మొదలుపెట్టారు. "జర చూడు, బల్బు మంచిగ లేదు" అంటే నిజమే అనుకుని కొత్త బల్బు తెప్పించాను. దుకాణంలో నల్లగుడ్డ అడిగినవాళ్లకు ముదురు నీలం కోసి ఇచ్చినప్పుడు పరధ్యానం అనుకున్నాను. షుగర్ ఉన్నదని తెలుసు, అది కళ్ల దాకా పోతుందని నాకు తెలియదు.

తల్లిదండ్రులు లేని చెల్లెలిని ఆయనే పెంచారు. ఆమె పెళ్లి ఫొటోలు ఎవరికీ అప్పగించక తానే తీశారు. మర్నాడు ఇంటినిండా చుట్టాలు, నేను వంటింట్లో ఉన్నాను. నన్ను పిలవకుండా ఒక్కరే కడిగి, తడి ఫిల్మును రెండు చేతులా పట్టుకుని పెరట్లోకి వచ్చి, ఎండకు ఎత్తి, మురిసిపోతూ, "చూడు, ఎంత మంచిగ వచ్చినయో!" అన్నారు.

చూశాను. ఒక్క ముఖమూ లేదు. మందు కాగిపోయి, ఫిల్ము ఈ కొస నుంచి ఆ కొస దాకా మసి పట్టినట్టు నల్లబడి ఉంది. ఆయన ఆ నలుపును చూస్తూనే నవ్వుతున్నారు.

ఫిల్మును ఆయన చేతుల్లోంచి మెల్లగా తీసుకున్నాను. దానితో ఆయన నవ్వు ఆగిపోయింది.

"రాలేదా? ఒక్కటి గూడనా?"

"రాలేదు" అన్నాను.

పక్కనే ఉన్న మా ఆడబిడ్డ ఆయన చేయి పట్టుకుంది. "ఫికర్ చెయ్యకు అన్నా. నాకు అంత యాదున్నది గద."

"కండ్లు పోతున్నయని నాకెరుకే బిడ్డా" అన్నారాయన. "నీ పెండ్లి రీలన్న నా చేతులతోని కడగాల్ననుకున్న."

హైదరాబాదు దవాఖానలో చాలా ఆలస్యమైందన్నారు. ఏడాది తిరక్కముందే చూపు పూర్తిగా పోయింది. దుకాణం మరిది చూసుకున్నాడు. మా ఆయన రోజూ మధ్యాహ్నం ఆ నల్లగుడ్డల గదిలోకి వెళ్లి తలుపేసుకునేవారు. ఒకరోజు భయమేసి నేనూ లోపలికి వెళ్లి పక్కన కూర్చుంటే అన్నారు, "ఈడైతే నీకు గూడ ఏం కనవడది గద." చప్పుడు కాకుండా ఏడ్చాను. ఆయనకు తెలిసిపోయిందేమో, నా చేయి వెతుక్కుని పట్టుకున్నారు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు షుగర్ ఉన్నవాళ్లకు ఏటేటా కళ్లు చూస్తున్నారు, సూదులంటున్నారు, లేజరంటున్నారు. మా వీధి మలుపులోనే కంటి దవాఖాన పెట్టారు. దాని ముందు నుంచి పోతుంటే, మా వయసు మగవాళ్లు ఆపరేషన్ అయి నల్లద్దాలు పెట్టుకుని, భార్యల భుజం పట్టుకుని మెల్లగా మెట్లు దిగుతూ కనిపిస్తారు. రేపో ఎల్లుండో ఆ అద్దాలు తీసేస్తారు కదా అనుకుంటూ, కాసేపు నిలబడి చూసి ఇంటికి వస్తాను.